గీతల్లేని వేలు

జడ్చర్ల బైపాసు మీద
మూతవడ్డ పత్తి మిల్లుల
నలభై రెండు అర్రలు, నలభై రెండు షట్టర్లు.
ఇంట్ల పట్టనోళ్ల సామాను, ఇల్లే లేనోళ్ల సామాను.
తాళపుచెవి వాళ్ల మొలతాడుకు,
రాత్రి నా కండ్ల మీద.

నా పేరు జాంగీరు.
పాలమూరు గడియారం కాడ ముప్పై ఒక్క ఏండ్లు
గొడుగు కింద కూసోని తాళపుచెవులు కోసిన.
నేను తియ్యలేని తాళం
ఇంకా ఏ దుకాణానికీ రాలే.
సేటు రాజలింగం కొలువిచ్చేటప్పుడు నవ్విండు:
"దొంగకు తెల్వని సంగతులు నీకు తెలుసు,
నువ్వు లోపలుంటేనే నాకు నిమ్మళం."
పొగిడిండో, కట్టేసిండో
ఇప్పటికీ తేల్చుకోలే.

పోయిన దసరాకు రోడ్డవతల కొత్తది లేసింది.
పదహారు కెమెరాలు, కరెంటు కంచె,
పిల్లి దాటినా మొత్తుకునే సైరను,
బొటనవేలు ఆనిస్తే తెరుచుకునే గేటు.
బోర్డు మీద బారెడు అక్షరాలు:
మీ వేలే మీ తాళపుచెవి.
మా గిరాకి సగం రోడ్డు దాటింది.
సేటు ముఖం
ఎండకాలం కోయిల్‌సాగరు లెక్క అడుగు కనవడ్డది.

మేము మాత్రం ఊకున్నమా?
నాలుగు కెమెరాలు పెట్టినం, ఒకటి కోతులు పీకినయి.
కట్టరు నోరు పట్టని తాళాలు నేనే ఏరి తెచ్చిన.
గోడ మీద సీసపెంకులు, చీకటి మూలకు రెండు లైట్లు,
వచ్చినోళ్ల పేరు, పొద్దు, బండి నంబరు
నోటుబుక్కుల నా కోడిగీతల రాత.
సేటుకు సాలలే. మిషను తెప్పిచ్చిండు.
"మొదటి వేలు నీదే పెట్టు జాంగీరూ" అన్నడు,
కొబ్బరికాయ కొట్టమన్నట్టు.

పెట్టిన. ఎర్ర లైటు.
అంగికి తుడిసి పెట్టిన. ఎర్ర లైటు.
ఎడమచెయ్యి. అదీ అంతే.
మిషను బిగిచ్చే పిలగాడు నా వేలు తిప్పి చూసిండు:
"తాతా, నీకు గీతల్లేవు."
ముప్పై ఒక్క ఏండ్ల ఆకురాయి
ఇత్తడినొక్కదాన్నే అరగదియ్యలేదన్నట్టు.

ఉగాది ముందటి వారం, తెల్లారగట్ల మూడింటికి
అవతలి గేటు కాడ లొల్లి.
పూణె బస్సు దిగిన బుడ్డమ్మ, ఇద్దరు పిల్లలు, నాలుగు సంచులు.
ఇంటి కిరాయి కంటె అర్ర కిరాయి నయమని
గిన్నెలు, బొంతలు లోపలేసి పోయిందట.
వేలు ఆనిస్తే ఎర్ర లైటు.
దసరాకు పోయేటప్పుడు ఉన్న గీతలు
ఆరు నెలల సిమెంటు తిన్నది.
పదహారు కెమెరాలు ఆమెను చూస్తనే ఉన్నయి,
ఒక్కటీ గుర్తువట్టలే.
బోర్డు మీది నంబరుకు ఫోను చేస్తే
పాట వస్తున్నది, మనిషి రాడు.

ఆ గేటు సంగతి నాకు తెలుసు.
మిషను వెనక పలక, రెండు మరలు, ఒక తీగె.
చేతులు దురదవెట్టినయి, అబద్ధమెందుకు.
తియ్యలే.
తియ్యొచ్చినోడు తియ్యకుండ నిలవడుడుకే కదా
సేటు నాకిచ్చే జీతం.
పిల్లలకు నా ఫ్లాస్కుల చాయ పోసిన.
వాళ్ల మేనేజరు టిఫిన్ చేసి వచ్చేదాక
ఆమె మా అరుగు మీద కూసున్నది
రోడ్డవతలి తన గిన్నెల దిక్కు చూసుకుంట.

మాపటికే సామాను రోడ్డు దాటింది, పదిహేడో అర్ర.
వెనకనే ఆమె ముఠా మేస్త్రీలు నలుగురు,
చింతపండు కొట్టే అక్కాచెల్లెండ్లు,
రాళ్లు కొట్టే ఎంకటాపురపోళ్లు.
సేటు లెక్క రాసుకుంట అడిగిండు:
"ఏం మందు పెట్టినవ్ వాళ్లకు?"
నా వేలు చూపిచ్చిన.

మిషను ఇంకా గేటుకే ఉన్నది, గీతలున్నోళ్ల కోసం.
పక్కన చిన్న తలుపు. దానికి నేను కోసిన చెవులు,
చెవికొక ముఖం నా యాదిల.
పొద్దుగూకినంక మిషను అద్దం మీది
ఇత్తడి పొడి తుడుస్త.
ఎవరూ లేనప్పుడు ఇంకొకపారి వేలు ఆనిస్త.
ఎర్ర లైటు.
కుర్చీ ఇంకింత గేటు దగ్గరికి జరుపుకుంట.