చేవ

తుపాకీ తేలేదతను. తేకూడదట.
బ్యాంకు గుమ్మం దాటించాలంటే కాగితాలు కావాలట.
ఒక కవరు వెనక బాల్‌పెన్నుతో కొలతలు గీసుకొచ్చాడు:
పొడవు తొమ్మిదంగుళాలు, పైన గాడి, కింద బొజ్జ,
రెండు స్క్రూలు ఎక్కడో.
గొట్టం మందం ఎంతంటే
తన ఎడమచేతి బొటనవేలు చూపించాడు.

పేరు ఇన్నయ్య. ఊరు ఫిరంగిపురం.
ఫిరంగి ఊరివాడికి చివరికి రైఫిలేనా అన్నాను.
నవ్వలేదు.
ఆ మాట వాళ్ళ మేనేజరు ముందే అనేశాడట.

కంపెనీ చెక్క అక్రోటుది,
పటమట బ్రాంచి మెట్లమీద పడి నిలువునా చీలింది.
హైదరాబాదు నుంచి ఫైబరుది తెప్పించారు,
కొత్త చెప్పులా నిగనిగ.
ఏలూరు రోడ్డు, క్యాష్ వ్యాను, ఏసీ లేదు.
రోహిణికార్తె మూడోనాటికి స్క్రూల దగ్గర నోళ్ళు తెరిచింది,
వానలు పడేసరికి గలగల.
అప్పుడు మా ఆటోనగర్ లేత్ మస్తాన్ అల్యూమినియంలో తీశాడు.
"నీ మనవడు కూడా పట్టుకోవచ్చు" అన్నాడు.
అబద్ధం కాదు, దానికి చావు లేదు.
కానీ మధ్యాహ్నం ఒంటిగంటకి ఏటీఎం ముందు నిలబడితే
చెయ్యి కాలకుండా వేసిన తొడుగు
చేతినే కాల్చింది.
అరచెయ్యి చాపాడు. నాలుగు మచ్చలు.

"పేలిస్తే గొట్టం కాలుతుంది. అందుకే ఈ కర్ర."
"ఎన్నిసార్లు పేల్చావేంటి?"
"బ్యాంకులోనా? పద్దెనిమిదేళ్ళలో..." అని
రేకుల కింద బల్లిని చూస్తూ ఆగిపోయాడు.
సున్నా అనడానికి మనిషికి మొహమాటమేమిటో.

నేను లారీ బాడీలు కట్టేవాణ్ణి.
నాకు తెలిసింది నల్లమద్ది.
విప్పేసిన బండి పక్కపలక ఒకటి మూలనుంది,
పన్నెండేళ్ళు కలకత్తాకి చేపలు మోసింది,
గుంటూరు యార్డు నుంచి మిర్చి టిక్కీలు మోసింది.
రంపం పెట్టగానే ముందు ఘాటు,
నేనూ కుర్రాడూ తుమ్ములు,
ఆ తర్వాత నీచువాసన,
ఆ తర్వాత చేవ తగిలింది.
రంపం గొంతు మారింది.

తుపాకీ బదులు హాఫించి పైపు బిగించి
దానిమీద కూర్చోబెట్టాను.
ముప్పై ఏడేళ్ళ పనిలో నేను తుపాకీ ముట్టలేదు,
ఇప్పటికీ ముట్టలేదు.
అవిసెనూనె మూడు పూతలు.
నాలుగోది వద్దన్నాడు, జారుతుందని.

"గ్యారంటీ ఎన్నేళ్ళు రాస్తావు?"
లారీకైతే టక్కున చెప్తాను:
తొమ్మిది టన్నులు, గోతుల రోడ్డు, ఏడేళ్ళు.
దీనికేం రాయను?
రోజుకి ఎంత చెమటని?
పేలని తూటా ఎంత వేడని?
బిల్లులో ఆ గడి ఖాళీగా వదిలాను.
రెండువందల ఎనభై తీసుకున్నాను.
ఎక్కువే అడిగానేమో.

మొన్న మళ్ళీ వచ్చాడు, ఆరేళ్ళకి.
చెక్క ఒక్కటే, తువ్వాల్లో చుట్టి.
బ్రాంచికి కెమెరాలు పెట్టారట,
తుపాకీ స్టేషనుకి అప్పజెప్పారట.
కంపెనీది కాదు కాబట్టి
ఇది లిస్టులో లేదట. ఎవరూ అడగలేదట.

బెంచీమీద పెట్టాడు.
కింది బొజ్జమీద నాలుగు పల్లాలు,
గోరువెచ్చటి పిండిలో వేళ్ళు దిగబడినట్టు.
చెద లేదు, పగులు లేదు, స్క్రూ కన్నాలు గుండ్రంగానే ఉన్నాయి.
ఆ వేళ్ళ చోట మాత్రం నూనె కాని నునుపు.

"అరిగిందా?" అన్నాడు,
తప్పు చేసినవాడిలా.
గోటితో గీకి చూశాను.
గీత పడలేదు.
"కర్ర సరే," అన్నాను, "నీ చెయ్యి చూపించు."
మచ్చలు నాలుగూ పోయాయి.

టీ చెప్పాను.
టీ వచ్చేదాకా దాన్ని పట్టుకునే కూర్చున్నాడు,
గాడిలోంచి అవతలి రోడ్డు కనిపించేలా.
గ్లాసు కుడిచేత్తో అందుకున్నాడు.