రోల్ నంబర్ ఇరవై మూడు

అబ్బాసియా చుట్టూ కంచె వేశారు.
జీతం సగమయ్యాక మారిన గది, అందరికీ ఒకటే ఫోను.
ఎనిమిదింటికి అన్నయ్య లెక్కలు, పదింటికి నా సైన్సు.
కెమెరాకి చిక్కకుండా
నాన్న గోడవైపు తిరిగి పడుకుంటాడు, నిద్రేం కాదు.

మిస్ హాజరు పిలుస్తోంది.
నా పేరు దగ్గర నెట్ తడబడి నేను ఆబ్సెంట్.
ఉన్నానన్నాను, ఎవరికీ వినబడలేదు.

ఇరవై మూడు, నుహా.
"ప్రెజెంట్ మిస్"
ముందు గోడలోంచి వచ్చింది,
తర్వాత ఫోన్లోంచి.

రెండేళ్లు నా ముందు బెంచీలో ఊగిన జడ!
కొబ్బరినూనె వాసన కూడా గుర్తే.
ఇన్నాళ్లూ జానెడు సిమెంటు అవతలే ఉందా?

మ్యూట్ తీయలేదు.
స్కేలుతో గోడమీద రెండు దెబ్బలు.
ఆకులు గాలి పీల్చడం గురించి మిస్ చెబుతూనే ఉంది.
నాన్న కళ్లు తెరిచాడు.

అటునుంచి మూడు.