తుడిచిన నేల

తుర్కులో మూడున్నరకే పొద్దు గుంకింది.
రైల్వే స్టేషన్లో, పోయిన వస్తువుల గది నాది.
ఇవాళ చేరినవి పదకొండు ఒంటి చేతితొడుగులు,
ఒక కట్టుడు పళ్ళ సెట్టు,
వయొలిన్ లేని వయొలిన్ పెట్టె.
చీటీ రాసి, దారం కట్టి, అరలో సర్ది
తాళం వేసి ఇంటికొచ్చాను.

రాత్రి తొమ్మిదింటికి
భూమి కనపడనంత దూరంలో తిరిగే ఉక్కు చక్రంలో
నేను డిటెక్టివ్‌ని.
గోధుమరంగు కోటు. వేలిముద్రలు చదివే డబ్బా.
ఆరు గుళ్ళ తుపాకి,
ఇప్పటిదాకా అది కాల్చింది నా కాలినే.

పైనుంచి చూస్తే అందరం గోరంత బొమ్మలం.
ఒక్కో బొమ్మ వెనకాల ఎక్కడో ఒక కుర్చీ,
చల్లారిపోతున్న టీ.

ఇంజిన్ గది నడవలో వంటవాడు చచ్చిపడున్నాడని కబురు.
పరిగెత్తాను.
నిప్పు లేనిదే పొగ రాదంటారు,
ఇక్కడ గాలి లేనిదే నిప్పు కూడా రాదు, కాబట్టి ముందు గాలి చూసుకున్నాను.
గాలి ఉంది. శవం ఉంది.
రక్తం లేదు.

నేల అద్దంలా మెరుస్తోంది.
మధ్యలో పసుపు బోర్డు: జారుతుంది, జాగ్రత్త.
దాని పక్కన తుడుపుకర్రతో బుల్కో.
"శుభ్రం చేశాను" అన్నాడు, మెచ్చుకుంటాననుకుని.
అడుగు వేశాను, జారిపడ్డాను.
నా వెనకే వచ్చిన కెప్టెన్ ఓర్టెల్
నా మీద పడ్డాడు.

హంతకుడికి ఇంతకంటే మంచి చుట్టం ఎవరు?
బుల్కో వెంటపడ్డాను.
తొమ్మిదీ నలభైకి, మాట మధ్యలో, గోడకేసి తిరిగి బిగుసుకుపోయాడు.
ఏడు నిమిషాలు.
పదీ ఇరవైకి మళ్ళీ. ఈసారి పన్నెండు.
రాసుకున్నాను. ఆ సమయంలో ఏం చేస్తున్నావని గట్టిగానే అడిగాను.

"లుబ్లిన్‌లో ఆసుపత్రి. రాత్రి డ్యూటీ.
దుప్పట్ల గదిలో పాత కంప్యూటరు.
గంట మోగితే వెళ్ళి తుడిచి రావాలి."
అక్షరాలు తప్పుల తడకలు, చేతులు ఇంకా తడిగా ఉన్నాయేమో.

అక్కడా తుడవడమేనా, ఇక్కడా తుడవడమేనా?

చాలాసేపు ఏమీ రాలేదు.
"ఇక్కడ ఎవరైనా జారిపడితే నవ్వుతారు" అన్నాడు.

కేసు పుస్తకంలో అది రాయలేదు.

అప్పుడు చూశాను బకెట్‌ని.
నేల మరిచిపోయింది గానీ
నీళ్ళకి గుర్తుంది.
డబ్బా ముంచి చదివాను:
వంటవాడి రక్తం,
దానిలో కలిసి మరొకరిది, కొంచెమే, వేలు తెగినంత.
కెప్టెన్ ఓర్టెల్.
నా మీద పడ్డ ఆ బరువు
గ్లౌజు తీయని ఆ కుడిచెయ్యి.

గర్వంగా నడిచాను అతని గదికి.
సాక్ష్యం బకెట్‌నీ నేనే మోసుకెళ్ళాను, తలుపూ నేనే తట్టాను,
దొంగ చేతికి తాళమిచ్చినట్టు.

అన్నిటికీ తెర పడ్డాక పేర్లు వరసగా వచ్చాయి.
హంతకుడు: కెప్టెన్. గెలుపు.
డిటెక్టివ్: మృతి.
బుల్కో: చివరి పడవ ఎక్కి బతికి బయటపడ్డాడు,
తుడుపుకర్రతో సహా.

అయిదు నిమిషాల్లో అంతా మళ్ళీ మొదలు.
వంటవాడు లేచి ఉల్లిపాయలు తరుగుతున్నాడు,
ఎవరి చేతిలో పోయాడో అతనికి తెలీదు,
నాకు తెలిసినా చెప్పకూడదు, అది ఆట నియమం.
బుల్కో మాత్రం రాలేదు.
గంట మోగి ఉంటుంది.

పొద్దున్న ఇంకా చీకటిగానే ఉంది.
స్టేషన్ హాల్లో రౌహా తుడుస్తోంది, పసుపు బోర్డు పెట్టి.
ఇన్నేళ్ళూ దాని పక్కనుంచి అడ్డంగా నడిచిపోయేదాన్ని,
బూట్ల మంచుతో.

ఇవాళ గుమ్మంలోనే ఆగాను.
"ఏం, వెళ్ళవా?" అంది.
ఆరనీ అన్నాను.
వింతగా చూసింది,
నామీదేదో అనుమానం వచ్చినట్టు.