కొట్టేసిన మాట

పులియంతోపులో సంఘం ఆఫీసు మెట్ల మీద
రాత్రి తొమ్మిదింటికి కరపత్రం రాస్తున్నాం.
ఇంట్లో మా మాట తెలుగు,
బడిలో దిద్దింది అరవం.
అందుకని చెంగమ్మ తెలుగులో చెబుతుంది,
నేను అరవంలో రాస్తాను,
ధనకోటి మళ్లీ తెలుగు చేసి వినిపిస్తాడు.
మెట్ల కింద తలలు
ఊగితే ఉంచుతాం, ఊగకపోతే తీసేస్తాం.

మావాళ్లకైతే కాగితమే అక్కర్లేదు.
తెల్లారి ఐదింటికి హాజరు వేసేచోట
టీ గ్లాసుతో పాటే కబురూ చేతులు మారుతుంది:
మూడు నెలల జీతం. సోమవారం. బండ్లు కదలవు.

చిక్కంతా వీధివాళ్లతోనే.
గేటు బయట సంచి పెట్టి
మొహం చూడకుండా తలుపేసుకునేవాళ్లకి
ఏమని మొదలుపెట్టాలి?

"ప్రియమైన" అన్నాను. నవ్వారు.
"అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని రాశాను.
చెంగమ్మ ఉలకలేదు పలకలేదు,
గ్లౌజు ఎరగని అరచేతిని
కాగితం మీద వెల్లకిలా పెట్టింది.
గాజుపెంకు కోసిన గీత
సరిగ్గా ఆ మాట పక్కన.
కొట్టేశాను.

చివరికి నిలిచింది ఇంతే:
"మీ ఇంట్లో నిన్న ఏం వండారో,
ఎవరికి మందులు మారాయో మాకు తెలుసు.
మా పేర్లు మీకు తెలీవు.
కింద రాస్తున్నాం."

నూట పన్నెండు పేర్లు.
పేజీ చాలక వెనక్కి తిప్పాం.
ధనకోటిలోని ధకి అరవంలో అక్షరం లేదు,
ఉన్నదాంతో సర్దబోయాను.
వాడు పెన్ను లాక్కుని
తాత నేర్పిన ఒకే ఒక్క తెలుగక్షరం
అక్కడ దిద్దుకున్నాడు, వంకరగా.