నాలుగు ఖలు

మా ప్రెస్సు కేసులో ఖలు నాలుగే ఉండేవి.
అందుకే ఆ గ్రహం ఖేచరి కాలేదు, గవ్వపురమయింది.
పేజీకి ఇరవైసార్లు వచ్చే పేరు మరి.
చరిత్ర రాయమని అడిగినారు కాబట్టి
ముందు ఈ సంగతి ఒప్పుకుంటున్నా.

తిరపతి, బేరి వీధి, గాజులంగడి వెనక రేకుల కొట్టం.
పగలు లాడ్జీ రసీదులు, పెండ్లి పత్రికలు.
ఎనభయ్యేడు ఎండాకాలం, ఒక రాత్రి
నాథముని వచ్చినాడు, యూనివర్సిటీలో ఫిజిక్సు పిలకాయ.
జేబులో రెండు పాచికలు, చంకలో నోటుబుక్కు.
"ఇది కథల పత్రిక కాదన్నా,
చదివేవాడే అంతరిక్షంలో దిగాల.
వాడే కెప్టెను, వాడే దొంగ, వాడే వేరే గ్రహపోడు."
నా బుర్రకెక్కలేదు.
"జాతరలో బైరాగి వేషం కడతావే,
నామంకొమ్ము పూసుకున్నాక నువ్వు కంపోజిటరువా?"
కాదు.
"తోటి వేషంలో ఓనరును బూతులు తిట్టినావే,
మర్నాడు కూలి ఎగ్గొట్టినాడా?"
ఇచ్చినాడు, పైగా నవ్వినాడు.
"అంతే. ఇదీ జాతరే, చుక్కల్లో."
పత్రిక పేరు ఆడే పుట్టింది: గగనవేషం.

జాతర కరపత్రాల్లో మిగిలిన పసుప్పచ్చ కాగితం,
రెండు వందల కాపీలు.
బస్టాండులో ముప్పై అమ్మినాం.
తక్కినవి శెనక్కాయల బండికి, కిలో లెక్కన.
అయిపోయిందిలే అనుకుంటా ఉంటే
పలమనేరు నుంచి కార్డు.
టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు, తులసీబాయి:
"నాకు పొట్లమే దొరికింది, సగం పేజీ.
ఓడలో మూడో తలుపు వెనక ఎవరో తడుతున్నారని ఉంది.
మీరు తెరుస్తారేమో, నేను తెరవను."
నాథముని ఆ కార్డు పట్టుకొని
ట్రెడిల్ చుట్టూ తిరిగినాడు, పిచ్చోడి మాదిరి.
మా మొదటి ఆట మనిషి ఆమె.

తర్వాత కార్డులే కార్డులు.
రేణిగుంట సైకిల్ షాపు ఖాజాపీరు ఓడకు మెకానిక్కు.
పుత్తూరు నుంచి ఒక ఎముకల వైద్యుడు.
మదనపల్లె కవలలు, ఇద్దరికీ ఒకే పాత్ర కావాలంట.
అందరి ఎత్తులూ చదివి నాథముని పాచికలేసేవాడు,
పడింది పడినట్టు నేను అచ్చుకెత్తేవాణ్ణి.

ఐదో సంచికలో నా చెయ్యి జారింది.
రాతలో "అక్కడ గాలి ఉంది."
అచ్చులో "అక్కడ గాలి లేదు."
కవలలు ముసుగు తీసినారు, చచ్చిపోయినారు.
వాళ్ళ నాయన ఉత్తరం రాసినాడు,
పిలకాయలు అన్నం ముట్టలేదని.
నేను సవరణ వేద్దామన్నా.
నాథముని తల అడ్డంగా తిప్పినాడు.
"అచ్చయినాక అది జరిగినట్టే."
ఆరో సంచిక నిండా వాళ్ళ దినాలు,
నలభై మంది కార్డుల మీద ఏడ్చినారు.

తొమ్మిదో సంచిక కోసం ఇంకా వెతికేవాళ్ళున్నారంట.
వెతకొద్దు. అది లేదు.
నిద్రమత్తులో తొమ్మిదికి పది వేసినా.

తొంభైనాలుగులో ఆఫ్‌సెట్ వచ్చింది.
ఓనరు సీసమంతా తూకానికి అమ్మేసినాడు,
పద్నాలుగో సంచిక కట్టిన ఫారంతో సహా.
నాలుగు పేజీలు, చదవని మాటలు,
తక్కెట్లో పదకొండు కిలోలు.
నాలుగు ఖలు మాత్రం నేను తీసి పెట్టుకున్నా.

ఆ వారమే పలమనేరు కార్డు వచ్చింది.
ఏడేండ్లు తెరవనామె,
ఒకటే వాక్యం: "ఈసారి తెరుస్తున్నా."

కార్డు నా దగ్గర ఉంది.
పాచికలు నాథముని దగ్గర.
కార్వేటినగరంలో లెక్కలు చెప్తా ఉన్నాడని ఎవరో అన్నారు,
కాదు, సత్యవేడన్నారు ఇంకొకరు.
అడ్రసు తెలిసినవాళ్ళు రాయండి, కార్డైనా చాలు.
ఆమె చెయ్యి గడియ మీదే ఉంది.