తాలు

బ్రాడీపేట నాలుగో లైన్లో
జిరాక్సు షాపు మీద గది.
ఆరున్నర బ్యాచికి
బోర్డు మీద 'ఎక్సెప్ట్' అని రాశాను.
"తప్పు కాదర్రా, తప్ప" అన్నాను.
అందరూ నవ్వారు, నాగూర్‌బీ తప్ప.

వెనక బెంచీ కుర్రాడికి
ఇదీ 'యాక్సెప్టూ' ఒకటే వినిపిస్తాయి.
నిజం చెప్పాలంటే నాకూ అంతే.

పగలంతా మిర్చి యార్డులో
తొడిమలు తుంచి, తాలు ఏరి వస్తుందామె.
పెన్ను పట్టుకున్నా వేళ్ళు మండుతాయట,
కన్ను తుడుచుకోవాలంటే మోచేయే దిక్కు.
ఆమె కూర్చుంటే ముందు వరసకి తుమ్ములు.

తలా ఒక వాక్యం రాయమన్నాను.
ఆదివారం తప్ప అన్ని రోజులూ,
కాకరకాయ తప్ప అన్ని కూరలూ
దిద్దుకుంటూ పోతున్నాను.
ఆమె నోటుబుక్కులో:
ఆల్ స్లీపింగ్ ఇన్ మై హౌస్, ఎక్సెప్ట్ ఐ.

'ఆర్' ఒకటి ఇరికించి
'ఐ' కొట్టేసి
ఎర్రసిరాతో 'మీ' పెట్టాను.

చాలాసేపు చూసింది.
"మన మాటలో మనిషి ముందు గదా సార్,
నేను అన్నాకే, తప్ప.
వీళ్ళకి గెంటే మాటే ముందా?
గెంటినాక నేను
నేనుగా కూడా ఉండగూడదా?"

రూలమ్మా, అన్నాను.
ఇరవై రెండేళ్ళుగా అదే అంటున్నాను.

టిఫిన్ క్యారేజీ తీసుకుని మెట్ల దాకా వెళ్ళి
ఆగింది.
"తాలుక్కూడా రేటుంటది సార్.
తక్కువే.
పారబొయ్యరు."

బోర్డు తుడుస్తుంటే తుమ్మొచ్చింది,
సుద్దపొడికో
మరి దేనికో.