గాలిగోపురం

ముహర్రక్‌ల ముత్యాల వ్యాపారి పాత ఇల్లు.
మరమ్మతుకు పిలిచిన్రు. నేను గచ్చు మేస్త్రీని.
మొదటి రోజే ఖమీస్ ఉస్తాద్ పైకి చెయ్యి చూపి
"బాద్‌గీర్" అన్నడు.
నాలుగు మొకాల బురుజు,
ఎటు గాలి వీస్తే అటు నోరు తెరిచి మింగి
కింది అర్రలకు వదుల్తదట.
"గాలిగోపురం" అన్న నేను.
ఆ మాటను రెండుసార్లు నోట్లె తిప్పుకొని
తప్పు పలికి, నవ్విండు.

గోదారి ఒడ్డున మా గుడికీ గాలిగోపురం ఉంది.
దాని మీద దేవతలు, చిలుకలు, ఒక కోతుల మంద.
గాలి మాత్రం ఎన్నడూ కిందికి దిగలే.
ఇక్కడ బొమ్మ ఒక్కటి లేదు.
పేరు అక్కడ, గాలి ఇక్కడ.
ఎవరు ఎవరికి బాకీనో.

ఈ గోడల ఇటుక లేదు.
సముద్రం అడుగు నుంచి పెళ్లగించిన పగడపు రాయి,
ఉలి పెడితే గవ్వ బయటపడ్తది.
వేలు నాకి చూసిన, ఇంకా ఉప్పే.
వాసాలు జాంజిబార్ మడచెట్లవి,
తలుపు మలబారు టేకు.
ఈ ఇంట్ల ఇక్కడ పుట్టింది ఎండ ఒక్కటే.

తలుపును ఖమీస్ దర్వాజా అంటడు.
మా అమ్మ కూడా దర్వాజ అనే అంటది.
అది మా ఊరి మాటే అనుకున్న ఇన్నేండ్లు.
ఇప్పుడూ అట్లనే అనుకుంటున్న.

పన్నెండు కొడితే ఎండల పని బంద్.
కమాన్ల కింద నీడకు ఒరుగుతం.
గుల్‌షేర్‌ది ముల్తాన్: "మా ఆకాశం నిండ దుమ్మే,
అందుకే గుమ్మటాలకు నీలం మేమే కాల్చుకుంటం."
యాకుబాది మాలీ. వాళ్ల మసీదు మట్టిది.
వానలు పోయినంక ఊరు ఊరంత మట్టి తొక్కి
పిల్లలతో సహా మెత్తుతరట.
"ఎంత పాతది?" అనడిగిన.
"పోయిన యేడుది" అన్నడు.
ఊకొని, "మా తాత తాత నాటి నుంచీ
పోయిన యేడుదే."
ఫెజ్ నుంచి వచ్చిన ఇంజనీరమ్మ ఏం చెప్పలే.
ఫోన్ల చూపింది: గోరంత పెంకులు, వేలకు వేలు,
ఒక్క చుక్క కోసం.

నన్నడిగిన్రు.
మా తాత గోల్కొండ సమాధుల మీద గచ్చు పని చేసిండని చెప్పిన.
డంగు సున్నం, కరక్కాయ నీళ్లు, బెల్లం, గుడ్డు సొన.
"గోడనా, మిఠాయా?" గుల్‌షేర్ పొట్ట పట్టుకున్నడు.
లోపల పండుకున్నది ఏ నవాబో మా తాతకు తెల్వదు,
సున్నం ఎన్ని దినాలు నానాల్నో తెలుసు.
అక్కడ గుమ్మటం మొదట్ల తామర రేకులుంటయి.
రాజు అడిగిండో,
మేస్త్రీ చెప్పకుండ పెట్టిండో.

నా వంతుకు వచ్చిన జిప్సం పలక
సగం రాలిపోయింది.
పన్నెండు మొనల చుక్కలు, వరుసగ.
మూలకున్న ఒక్కదానికే పదకొండు.
మూడుసార్లు లెక్కపెట్టిన.
మనిషి పని లోపం లేకుండ ఉండొద్దని,
దేవునికి జడిసి విడిచిపెట్టిండేమో అన్న.
ఖమీస్ కండ్లద్దాలు పైకెత్తి చూసి
"కాదు. ఆకలై ఉంటది" అన్నడు.

సరిచేయాల్నా అంటే
ఇంజనీరమ్మ తల అడ్డంగ ఊపింది:
ఎట్లుందో అట్లనే.
మూడు దినాలు పట్టింది.
ఇంకొకరి తప్పును
ఇంత భద్రంగ చేసుడు నాకిదే మొదలు.

క్యాంపు గదిల ఎనిమిది మంచాలు,
ఒక్క కిటికీ, దానికీ మేకులు కొట్టిన్రు.
ఫ్యాను వేడిని తిప్పుతనే ఉంది.
వెల్లకిల పండుకొని
పై మంచం అడుగు చెక్క మీద
పెన్సిలుతోని గీస్తున్న.
మీద యాకుబా అటు ఒత్తిగిలిండు,
కండ్లల్ల ఇంత పొట్టు రాలింది.
తుడుచుకొని,
పదకొండుకు పెన్సిలు ఎత్తిన.